ఆశ్రమం హాస్టల్‌లో జరిగింది ఎవరికి చెప్పుకోవాలి, ఎవరిని నమ్మాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను తమ్ముడూ. ఎనిమిదో ఏట మిమ్మల్ని ఒక ఆశ్రమం హాస్టల్‌లో చేర్చారు. 2001 నుంచి 2006 దాకా అక్కడే ఉన్నారు. అక్కడి వార్డెన్ మీ మీద చేసిన అఘాయిత్యం ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎల్బీ నగర్‌లో కాపురం, నాలుగేళ్ల బాబు. వాడిని స్కూల్లో వేసే సమయం వచ్చేసరికి మీకు నిద్ర పట్టడం మానేసింది, చిన్నదానికీ పెద్దదానికీ కోపం వస్తోంది. ఎవరికైనా చెప్పుకుందామంటే హైదరాబాద్‌లో వీధికో కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, ఎవరిని నమ్మాలో తెలియడం లేదన్నారు. ఇప్పుడు కేసు పెట్టొచ్చా, భార్యకు చెప్పాలా అని కూడా అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. హాస్టళ్లలో, అనాథాశ్రమాల్లో పెరిగి పెద్దవాళ్లయిన చాలామందితో ఆసుపత్రులకూ పోలీస్ స్టేషన్లకూ కోర్టులకూ తిరిగాను. సొంత బిడ్డ స్కూలు గేటు దాకా వచ్చినప్పుడు పాతదంతా పైకి లేవడం నేను ఎన్నోసార్లు చూశాను. మీకు పిచ్చి పట్టడం లేదు. ఇన్నేళ్లు మూత పెట్టి ఉంచింది పొంగుతోంది, అంతే.

మగవాడినై ఉండి ఇలా జరిగిందని చెప్పుకుంటే నవ్వుతారేమో అని రాశారు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక నివేదిక వేసింది. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామని చెప్పినవాళ్లు 53.22 శాతం. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. వాళ్లంతా ఇప్పుడు మీ వయసుకు అటూ ఇటూగా ఉన్నవాళ్లు, మీ పక్కన మెట్రోలో నిలబడేవాళ్లు.

ఇప్పుడు అసలు విషయం. మిమ్మల్ని దెబ్బతీసింది ఒక సంస్థ. సాయం కోసం వెళ్లాల్సింది కూడా ఏదో ఒక సంస్థ దగ్గరికే. అక్కడ కూడా గేటు ఉంటుంది, రిజిస్టరు ఉంటుంది, బల్ల అవతల పెద్దమనిషి ఉంటాడు. లోపలికి రమ్మని తలుపు వేస్తాడు. నాకు తెలిసిన ఒకాయన డాక్టరు గది దాకా వెళ్లి, ఆయా చేతిలో తాళంచెవుల గుత్తి చప్పుడు విని వెనక్కి వచ్చేశాడు. వాళ్ల వార్డెన్ రాత్రిపూట అలాంటి గుత్తే మోగించుకుంటూ వచ్చేవాడట. కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడు గుండె దడదడలాడితే, సగం దారిలో తిరిగి వచ్చేస్తే, చేతకానివాడినని అనుకోకండి. ఇంకో రోజు వెళ్లొచ్చు.

నమ్మదగ్గ చోటును పట్టుకోవడానికి నేను అందరికీ చెప్పేది ఒకటే. అక్కడ మీ "వద్దు" చెల్లుతుందా లేదా చూడండి. చిన్నప్పుడు మీ "వద్దు"ను ఎవరూ లెక్కచేయలేదు. ఇప్పుడు దాన్ని లెక్కచేసేవాళ్లే మీకు పనికొస్తారు. మొదటి రోజే చిన్నచిన్న విషయాల్లో అని చూడండి. "తలుపు కొంచెం తెరిచి ఉంచండి", "ఇది ఇవాళ చెప్పను", "ఈ కాగితం ఇంటికి తీసుకెళ్లి చదివి సంతకం పెడతాను", "నోట్స్ రాయకుండా కాసేపు వినండి". మంచివాళ్లు "సరే" అంటారు, మళ్లీ ఆ మాట ఎత్తరు. "మీ మంచికే చెబుతున్నాం, మాకు తెలుసు కదా" అని నచ్చజెప్పడం మొదలుపెట్టారంటే, వాళ్ల గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా లేచి వచ్చేయండి.

ఇది నేను ఒకరి నష్టంతో నేర్చుకున్నాను. పన్నెండేళ్ల కిందట ఒక అబ్బాయిని నేనే ఒక స్వచ్ఛంద సంస్థకు పంపాను. బాగా పేరున్న సంస్థ, మాట తీరు మెత్తన. మూడు నెలలు తిరక్కుండానే అతని కథను విరాళాల కార్యక్రమంలో తెర మీద చూపించారు. పేరు మార్చారు గానీ ఊరు మార్చలేదు. ఆ ఊరివాళ్లు పోల్చుకున్నారు. నేను వెళ్లి అడిగితే "సంతకం పెట్టాడు కదా మేడం" అన్నారు. పెట్టాడు. మొదటి రోజే, చేతులు వణుకుతూ, ఒక కట్ట కాగితాల మధ్యలో. ఆ తరవాత రెండేళ్లు అతను ఎవరి గడపా తొక్కలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి నేను స్వయంగా వెళ్లి చూడని చోటికి ఎవరినీ పంపను. మీరు కూడా మొదటి రోజు ఏ సంతకమూ పెట్టకండి. మీ ఫొటో, మీ మాటలు వాడుకోవడానికి అనుమతి అడిగే కాగితం వేరు, చికిత్సకు ఒప్పుకునే కాగితం వేరు. రెండూ కలిపి ఒకే సంతకం అడిగితే అది తప్పు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత.

చదువు, రిజిస్ట్రేషన్ కూడా చూడాలి. మన దగ్గర కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడం చాలా తేలిక. కొన్ని వారాల కోర్సు చేసినవాళ్లు కూడా పెడతారు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తరవాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్, మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉంటారు. మందులు రాసేది వాళ్లే. క్లినికల్ సైకాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు అడగడంలో తప్పేమీ లేదు, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఆర్‌సీఐ నంబరు లేని మంచి కౌన్సెలర్లూ ఉన్నారు. అయితే వాళ్లను "ఎక్కడ శిక్షణ పొందారు, ఇలాంటివాళ్లతో ఎంతకాలం పనిచేశారు, మీ పనిని పైనుంచి చూసే సీనియర్ ఎవరైనా ఉన్నారా" అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు మీద నాకు ఎక్కువ గురి. తన పనిని ఇంకొకరికి చూపించుకునేవాళ్లు తప్పు చేసినా తొందరగా దిద్దుకుంటారు.

హిప్నాసిస్ చేసి మర్చిపోయినవన్నీ బయటికి తీస్తాం అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. గత జన్మలోకి తీసుకెళ్తాం అనేవాళ్లు కూడా అంతే. అలా తవ్వి తీసిన జ్ఞాపకాల్లో జరిగింది ఏది, ఊహ ఏది అని తేల్చడం కష్టమవుతుంది. రేపు మీరు కోర్టుకు వెళ్లాలనుకుంటే అవతలి లాయరు పట్టుకునేది అక్కడే. "మూడు సిట్టింగుల్లో నయం" అనే గ్యారంటీలూ అంతే.

పాస్టరుగారో, గురువుగారో, దర్గా పెద్దలో మీకు ఊరట ఇస్తుంటే వెళ్లండి, ప్రార్థన చేయడంలో తప్పు లేదు. అయితే "వాడి పాపాన వాడే పోతాడు, నువ్వు క్షమించేయ్" అని మొదటి రోజే ఒత్తిడి పెట్టే చోట ఎక్కువ చెప్పుకోకండి. క్షమించాలో వద్దో మీ ఇష్టం, దానికి గడువు లేదు.

ఇక ఎక్కడికి వెళ్లాలి అన్నది. ముఖం చూపించకుండా మొదలుపెట్టాలంటే టెలీ మానస్, 14416. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అన్నీ చెప్పక్కర్లేదు. "చిన్నప్పుడు హాస్టల్‌లో నా మీద అఘాయిత్యం జరిగింది, ఇప్పుడు నిద్ర పట్టడం లేదు" అంటే చాలు. ఒకసారి ఎత్తినవాళ్లు నచ్చకపోతే పెట్టేసి మళ్లీ చేయండి, ఇంకొకరు ఎత్తుతారు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్లు నడిపే ఐకాల్ కూడా చాలాకాలంగా ఉన్న ఫోన్ కౌన్సెలింగ్ సేవే.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. వెంటనే 14416కో 112కో చేయండి, లేదా దగ్గరి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. కేసు అవుతుందని భయపడకండి. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి. అలాంటి మనిషికి ప్రభుత్వమే వైద్యం, సాయం అందించాలి.

ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే ప్రభుత్వ ఆసుపత్రులు మొదటి మెట్టుగా మంచివే. ఎర్రగడ్డ అనగానే మన ఊళ్లో ఎగతాళిగా మాట్లాడతారు, తిట్టుగా వాడతారు. నాకు ఆ మాట విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అక్కడి మానసిక చికిత్సాలయం ఓపీలో ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు, గృహిణులు, అందరూ కనిపిస్తారు. మీకు ఎల్బీ నగర్ నుంచి రెడ్ లైన్ మెట్రో నేరుగా ఎర్రగడ్డ స్టేషన్‌కు వెళ్తుంది. ఆ పేరే ఇబ్బందిగా ఉంటే ఉస్మానియాలోనో గాంధీలోనో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లండి. పెద్ద జనరల్ ఆసుపత్రి కాబట్టి ఎందుకొచ్చారని ఎవరూ అడగరు. ఓపీలో జనం ఎక్కువ, డాక్టరుగారికి మీతో గడపడానికి నిమిషాలే దొరుకుతాయి. అక్కడే అంతా చెప్పేయాలని చూడకండి, సగంలో ఆపాల్సి వస్తే ఇంకా బాధ. "నాకు సైకాలజిస్ట్‌తోనో సోషల్ వర్కర్‌తోనో విడిగా కూర్చుని మాట్లాడే టైమ్ ఇప్పించండి" అని అడగండి. ప్రైవేటులో చాలామంది సెషన్‌కు వెయ్యి రూపాయలకు పైనే తీసుకుంటారు. ఇది నెలల తరబడి సాగే పని కాబట్టి, ఫీజు తగ్గించే వీలుందా అని ముందే అడగండి, మొహమాటపడకండి.

మంచి చికిత్స ఎలా ఉంటుందో తెలిస్తే మోసపోరు. మొదటి కొన్ని వారాలు జరిగిన ఘటన జోలికే పోరు. నిద్ర, కోపం, తాగుడు ఏమైనా ఉంటే అది, ఒళ్లు బిగుసుకుపోయినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలి, వీటి మీద పనిచేస్తారు. కాళ్ల కింద నేల గట్టిపడ్డాకే పాతవాటి దగ్గరికి వెళ్తారు, అదీ మీరు సరేనంటేనే. ఇలాంటి గాయాలకు ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీని (ఆలోచనలనూ అలవాట్లనూ మెల్లగా మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ అనే పద్ధతిని (కళ్లు అటూ ఇటూ కదుపుతూ జ్ఞాపకం తాలూకు బాధను తగ్గించేది) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫార్సు చేసింది. వీటిలో శిక్షణ ఉందా అని అడగొచ్చు. మొదటి రోజే "ఏం జరిగింది, ఎన్నిసార్లు, ఎక్కడ ముట్టుకున్నాడు" అని కూపీ లాగేవాళ్లు చేసేది చికిత్స కాదు. సెషన్ అయ్యాక రెండు మూడు రోజులు పీడకలలు పెరగడం మామూలే, అది ఆ మనిషికే చెప్పండి. వారాల తరబడి దిగజారుతూనే ఉంటే మనిషినో పద్ధతినో మార్చాలి. ఇద్దరు ముగ్గుర్ని మార్చాక కుదిరినవాళ్లు నా దగ్గర చాలామందే ఉన్నారు.

ఒక ముఖ్యమైన ప్రశ్న మొదటి సెషన్‌లోనే అడగాలి: "నేను చెప్పింది మీరు పోలీసులకు చెబుతారా?" పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని, జరగబోతోందని తెలిసినవాళ్లు ఎవరైనా ఫిర్యాదు చేయాలి. చేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. పెద్దయ్యాక చెప్పుకునేవాళ్ల విషయంలో దీన్ని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. అందుకే పేరు, ఊరు చెప్పకముందే వాళ్ల పద్ధతి ఏమిటో తెలుసుకోండి. సూటిగా జవాబు చెప్పేవాళ్లను నమ్మొచ్చు. "అవన్నీ తరవాత చూద్దాం, ముందు చెప్పండి" అంటే ఆగండి.

మీ హాస్టల్ పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో రాద్దామా అన్నారు. దయచేసి ఇప్పుడే రాయకండి. ఆ గ్రూపులో ఎవరు ఎవరి మనిషో మీకు తెలియదు. స్క్రీన్‌షాట్ పది నిమిషాల్లో ఆ సంస్థ పెద్దల దగ్గరికి చేరుతుంది. ఆ తరవాత ఫోన్ వస్తుంది: "బాబూ, మన ఇంటి విషయం, బయట ఎందుకు, మనమే కూర్చుని మాట్లాడుకుందాం, కౌన్సెలింగ్ కూడా మేమే ఇప్పిస్తాం." ఈ ఫోన్ నేను చాలామంది విషయంలో చూశాను. తప్పు జరిగిన సంస్థ ఇప్పించే కౌన్సెలర్‌కు జీతం ఇచ్చేది ఆ సంస్థే. మీరు చెప్పింది ఎక్కడికి పోతుందో మీ చేతిలో ఉండదు. వాళ్లు ఇచ్చే ఏ కాగితం మీదా లాయరుకు చూపించకుండా సంతకం వద్దు. ఆ రోజుల్లో మీతో ఉండి, మీకు నమ్మకం ఉన్న ఒక్క స్నేహితుడు ఉంటే అతనితో విడిగా, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. యూట్యూబ్ ఛానళ్లు కూడా ఎక్కడో విని ఇంటర్వ్యూ అడుగుతాయి. ముఖం మసక చేస్తామంటారు, గొంతు మాత్రం మీదే ఉంటుంది. మీ బాబు పెద్దయ్యాక కూడా ఆ వీడియో అక్కడే ఉంటుంది.

ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 దాకా ప్రభుత్వమే రాయల్ కమిషన్ వేసి, సంస్థల్లో లైంగిక వేధింపులకు గురైనవాళ్లతో ఎనిమిది వేలకు పైగా విడి సమావేశాలు జరిపింది. 2018లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మన దగ్గర మీలాంటివాళ్లు ఇలా ఒక్కొక్కరే గడప గడపా వెతుక్కోవాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

కేసు సంగతి. పోక్సో 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది, అంతకుముందు జరిగినవాటికి వర్తించదు. మీది పాత ఐపీసీ కిందికి వస్తుంది. మగపిల్లల మీద జరిగిన అత్యాచారానికి అప్పట్లో వాడగలిగింది సెక్షన్ 377. దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకే చట్టం గడువు పెట్టింది కాబట్టి 377 కింద ఇప్పుడు కూడా ఫిర్యాదు చేయొచ్చు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ లేదు గానీ, నేరం జరిగిన నాటి చట్టమే వర్తిస్తుంది. కొట్టడం, ఒంటి మీద చేతులు వేయడం లాంటివాటికి గడువు దాటిపోయి ఉంటుంది. అప్పటి చట్టంలో మగపిల్లల విషయంలో అంత పెద్ద లోటు ఉండేది. గడువు దాటినా న్యాయం కోసం అవసరమైతే విచారణకు తీసుకునే అధికారం కోర్టుకు ఉంది, అది దొరకడం కష్టం. హాస్టల్ వేరే జిల్లాలో ఉన్నా ఇక్కడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు.

ఇవన్నీ మీ వివరాలతో సహా ఒక లాయరుతో మాట్లాడాల్సినవి. న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100. పాతబస్తీ పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలో రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు. కేసు పెట్టినా పెట్టకపోయినా, గుర్తున్నవి ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. టీసీ, పాత ఫొటోలు, ఉత్తరాలు ఏవైనా ఉంటే ఒక చోట పెట్టండి. ఒక్కసారే కూర్చుని అంతా రాయొద్దు, రోజుకు పావుగంట చాలు. నా అభిప్రాయం అడిగితే, ముందు నాలుగైదు నెలలు చికిత్స మీదే ఉండండి. కోర్టులో అవతలి లాయరు ప్రశ్నలు తట్టుకోవడానికి ఆ బలం కావాలి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. ఆ వార్డెన్ ఇప్పటికీ పిల్లల మధ్యే ఉన్నాడని మీకు తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి, లేదా ఆ జిల్లా బాలల సంక్షేమ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. హైదరాబాద్ పోలీసులు 2016లో మొదలుపెట్టిన భరోసా కేంద్రం సైఫాబాద్‌లో హాకా భవన్‌లో ఉంది. అది మహిళల కోసం, పిల్లల కోసం పెట్టింది. మీ చికిత్సకు కాకపోయినా, ఇప్పుడు పిల్లలకు ప్రమాదం ఉందని చెప్పడానికి సరైన చోటే. బయటివాళ్ల కన్ను పడితే ఏమవుతుందో ముజఫర్‌పూర్‌లో చూశాం. 2018లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బీహార్ వసతి గృహాలు తనిఖీ చేసి నివేదిక ఇవ్వబట్టే అక్కడి ఆడపిల్లల మీద జరుగుతున్నది బయటపడింది. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది.

చివరగా మీ భార్య గురించి. ఆమెకు ఇప్పుడే అంతా చెప్పాలని ఏమీ లేదు. మీరు రాసిందాన్నిబట్టి, మీ కోపం తన మీదేనేమో అని ఆమె అనుకుంటోంది. ఆ టెన్షన్ తీసేయండి చాలు. "చిన్నప్పుడు హాస్టల్‌లో నాకు అన్యాయం జరిగింది, అది ఇప్పుడు బాధపెడుతోంది, నీ తప్పేమీ లేదు, డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను" అనండి. ఇంకా అడిగితే "చెప్పగలిగినప్పుడు చెప్తాను" అనండి. మొదటి రోజు ఆసుపత్రికి తోడు రమ్మనండి. గదిలోకి రానక్కర్లేదు, బయట బెంచీ మీద కూర్చుంటే చాలు. తిరిగి వచ్చేటప్పుడు రద్దీ మెట్రోలో నిలబడే ఓపిక ఉండకపోవచ్చు, ఆటోకు డబ్బులు పెట్టుకోండి. ఆ సాయంత్రం ఇంకే పనీ పెట్టుకోకండి.